ఓటీపీ ఎవరి ఫోనుకు పోతుంది

2023 వానాకాలం. హనుమకొండలో ఒక ఆఫీసు భవనం కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో మా ఆధార్ కేంద్రం ఉండేది. నేను అక్కడ ఆపరేటర్‌ని. వచ్చినవాళ్ల పది వేళ్లూ స్కానర్ మీద పెట్టించి, కంటిపాప తీయించి, ఫొటో దింపి, పేరూ చిరునామా ఫోన్ నంబరూ ఎక్కించడం నా పని. తొమ్మిదిన్నరకు టోకెన్లు ఇస్తే సాయంత్రం దాకా తల ఎత్తే తీరిక ఉండేది కాదు. నాట్లు వదులుకుని వచ్చిన ఆడవాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు, పేరులో ఒక అక్షరం తప్పు పడి పింఛను ఆగిపోయిన ముసలివాళ్లు. అప్పటికి ఆ కుర్చీలో నాకు ఏడేళ్లు. ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు వేరే వాళ్ల పత్రాలు పట్టుకొచ్చారో ముఖం చూసి చెప్పగలనని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం పోయిన సంగతి ఇది. పేర్లు మార్చి రాస్తున్నాను.

జూలైలో ఒక మధ్యాహ్నం, జనం పలచబడ్డాక, ఒకతను వచ్చాడు. నలభై లోపు వయసు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కాశిబుగ్గలో కిరాణా షాపు ఉందన్నాడు. పేరు కుమార్ అనుకుందాం. చేతిలో భార్య ఆధార్ కార్డు ఉంది, అసలుది.

"మేడం, జర ఒక సాయం చెయ్యాలె. మా ఇంటామెకు పానం బాగలేదు. మంచంల ఉన్నది. ఆమె ఆధార్ ఎక్కడెక్కడ వాడిండ్రో చూసుకోవచ్చట గద. నాకు ఆ కంప్యూటర్ పని రాదు. తీసియ్యరాదుండ్రి."

అతను అడిగింది అథెంటికేషన్ హిస్టరీ. మన వేలిముద్రతో గాని, ఫోనుకు వచ్చే ఓటీపీతో గాని ఎప్పుడు, ఏ సంస్థ దగ్గర మన ఆధార్‌ను సరిచూశారో అందులో వరుసగా ఉంటుంది. తేదీ, గంట, నిమిషం సహా. ఎవరైనా తమది తాము చూసుకోవచ్చు. కార్డుకు కలిపి ఉన్న ఫోనుకు ఓటీపీ వస్తుంది, అది కొడితే తెరుచుకుంటుంది. నిజానికి అది మా కౌంటర్ పని కాదు. తెలియనివాళ్లు అడిగితే పక్కనున్న కంప్యూటర్‌లో తీసి ఇచ్చేదాన్ని.

నంబర్ కొట్టాను. ఓటీపీ అతని ఫోనుకే వచ్చింది. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల కార్డుల్లో చాలావాటికి మొగుడి నంబరో, కొడుకు నంబరో ఉంటుంది. అందులో నాకు వింత ఏమీ కనబడలేదు. కాగితం తీసి ఇచ్చాను. రెండు మూడు వరుసలే ఉన్నాయి, అన్నీ పాతవే. దండం పెట్టి వెళ్లిపోయాడు.

రెండు వారాలకు మళ్లీ వచ్చాడు. ఈసారి కొత్తగా ఒక వరుస ఉంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర, నాలుగు రోజుల కింద, ఉదయం పదిన్నర దాటాక. అతను దాని మీద గోరు పెట్టి అక్కడే ఆగిపోయాడు.

"చూసిండ్రా మేడం? మా ఆమె ఇంట్ల పండుకోని ఉన్నది. మరి ఎవలు పెట్టిండ్రు వేలు?"

నాకూ అది దొంగల పనే అనిపించింది. భూమి కాగితాల మీది వేలిముద్రలను కాపీ చేసి ఎవరెవరివో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని అప్పట్లో పేపర్లలో వార్తలు వచ్చేవి. రేషన్ కార్డు వివరాల్లో ఏ షాపులో బియ్యం తీసుకున్నారో ఉంటుందని నేనే చెప్పాను. నేనే వెతికి చూపించాను కూడా. తొర్రూరు షాపు.

"తొర్రూరు" అన్నాడు మెల్లగా. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మూడోసారి వచ్చింది ఆగస్టులో. తొర్రూరు పోయి వచ్చానని, వేలు పెట్టిన ఆడమనిషి దొరికినట్టే దొరికి తప్పించుకుపోయిందని చెప్పాడు.

"పోలీసులకు చెప్పకపోయారా?" అన్నాను.

"పరువు మేడం. ఇంట్ల ఆడమనిషి పేరు స్టేషన్ల ఎక్కుతది. ఇంకేమన్న ఉపాయం చెప్పుండ్రి. ఎవలు పెట్టినా ఆ వేలు పనిచెయ్యొద్దు."

ఉపాయం చెప్పింది కూడా నేనే. బయోమెట్రిక్ లాక్ అని ఒకటుంది. అది పెడితే మన వేలిముద్ర, కంటిపాప ఎక్కడా చెల్లవు. దొంగలకు భయపడేవాళ్ల కోసం పెట్టిన మంచి సదుపాయం. మళ్లీ తీయాలంటే కార్డుకు కలిపిన ఫోనుకే ఓటీపీ రావాలి. అతని ఫోను మోగింది, నేను అంకెలు కొట్టాను, లాక్ పడింది.

పోయేముందు ఒక చీటీ మీద తన నంబర్ రాసిచ్చాడు. "ఆ వేలు పనిచెయ్యకపోతె ఆమె ఎన్నటికన్న ఇసొంటి కౌంటర్‌కు రావాలె. ఇక్కడికే అచ్చిందనుకో, నాకు ఒక్క ఫోన్ కొట్టుండ్రి మేడం. మీకు పుణ్యముంటది." అతను కాగితంలో బ్యాంకు వరుసలు ఏనాడూ చూడలేదని, గంట నిమిషం ఉన్న గడినే చూసేవాడని నేను గమనించాను. గమనించి కూడా దాని గురించి ఆలోచించలేదు.

సెప్టెంబర్‌లో ఆమె వచ్చింది.

ఆ రోజు వాన. తడిసిన చున్నీ తల చుట్టూ కప్పుకుని, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన ఫైలును కడుపుకు అదుముకుని నిలబడింది. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లు ఉంటాయి.

"అక్కా, నా వేలు ఎక్కడ పెట్టినా తీసుకుంటలేదు. ట్రైనింగ్‌ల చేర్చుకుంటాండ్రు. నర్సులకు సాయం చేసే పని, ఆరు నెలలు, హాస్టల్ గూడ వాళ్లదే. అండ్ల ఈకేవైసీ కావాలె అంటాండ్రు. శనివారం ఆఖరు."

ఈకేవైసీ అంటే వేలిముద్ర పెట్టించి, ఈ మనిషి ఈ కార్డు మనిషేనా అని అక్కడికక్కడ సరిచూడడం. ఆమె దగ్గర అసలు కార్డు లేదు. మసకబారిన జిరాక్స్ ఒకటి తీసిచ్చింది. పేరు చదివాను. స్వరూప. కింద కాశిబుగ్గ చిరునామా. మంచంలో పడి ఉన్న మనిషి పేరుతో ఇంకొకతె నా ఎదురుగా నిలబడి ఉంది. జిరాక్స్ మీది ఫొటో నల్లటి మరకలా ఉంది, ముఖం పోల్చడానికి లేదు.

"అసలు కార్డు ఏది?"

"ఇంటికాడ ఉన్నది."

"ఇల్లెక్కడ?"

తలుపు వైపు చూసింది. దొంగ చూపు అనుకున్నాను. నేను అడిగిన ప్రతిదానికీ ఆమె ఒక క్షణం ఆగి, ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో తూచుకుని మాట్లాడుతోంది. వేలు స్కానర్ మీద పెట్టించాను. తెర మీద మెసేజ్ వచ్చింది. బయోమెట్రిక్స్‌ను కార్డుదారే లాక్ చేశారు అని.

"నువ్వే లాక్ చేసినవని వస్తాంది" అన్నాను.

"నేనా? నాకు ఫోనే లేకుండె అక్కా, మొన్నటిదాంక. నేనెట్ల చేస్త?"

"కూసో. ఇప్పుడే వస్త." అని లేచి వరండాలోకి పోయి, చీటీ మీది నంబర్‌కు ఫోన్ చేశాను.

"కుమార్ గారూ, ఆమె వచ్చింది. స్వరూప అని చెబుతోంది."

దొంగ దొరికిందంటే మనిషి అరుస్తాడు, తిడతాడు, పట్టుకోండి అంటాడు. అతను అవేవీ అనలేదు. చాలా మెత్తగా అడిగాడు.

"ఎట్లున్నది మేడం? సన్నవడ్డదా?"

నా జవాబు కోసం అతను ఆగలేదు.

"కూసోబెట్టుండ్రి. చాయ్ తాగిపియ్యుండ్రి. నేను బండి మీద వస్తాన, ఇరవై నిమిషాలు." ఫోన్ పెట్టేశాడు.

దొంగ సన్నబడిందా అని ఎవరడుగుతారు? ఆ వరండాలో నిలబడి నేను మూడు నెలల మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకున్నాను. మంచంలో ఉన్న మనిషి. పోలీసులు వద్దన్న మనిషి. గంట, నిమిషం. తొర్రూరు. మడత పెట్టిన కాగితం. అతను చెప్పిన కథలో ఒక్క ముక్కకైనా నేను సాక్ష్యం అడగలేదు. ఎదురుగా వానలో తడిసి వచ్చిన ఆడపిల్లను మాత్రం అసలు కార్డు ఏదని అడిగాను.

లోపలికి వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాను, కౌంటర్ ఇవతల.

"కుమార్ నీకేమైతడు?"

ఆమె ఫైలు పట్టుకుని లేచింది.

"ఆగు. పారిపోకు. ముందు చెప్పు. నిన్ను కొట్టిండా?"

"కొట్టలే" అంది. "కొడితె కండ్లవడ్తది గద. పొద్దుగాల బయట తాళమేసి షాపుకు పోయేటోడు. రాత్రికి వచ్చి తీసేటోడు. మూడేండ్లు. నీ మంచికే అంటుండె. నా ఇంటర్ సర్టిఫికెట్లు, నా కార్డు, అన్నీ బీరువల పెట్టుకున్నడు. ఉగాది ఎనుక ఒకనాడు తాళం సరిగ్గ పడలే, వచ్చిన. తొర్రూరుల మా పెద్దమ్మ ఇంట్ల ఉన్న. ఎవలకు తెల్వది. ఓసారి పెద్దమ్మకు సుస్తయితె మా కాశిబుగ్గ రేషన్ కార్డు మీద, ఏ ఊర్లనైన ఇస్తరు గద, బియ్యం నేను తెచ్చిన. వారం తిరగలే, వాకిట్ల నిలవడ్డడు. ఎనుక దొడ్డి నుంచి ఉరికిన."

"అతనికి ఎట్ల తెలిసిందనుకున్నవ్?"

"మా పెద్దమ్మనే ఫోన్ చేసిందనుకున్న." ఆమె గొంతు గట్టిపడింది. "ఇంకెవలు చెప్తరు? పోచమ్మ తల్లి మీద ఒట్టేసింది ముసల్ది, నేను చెప్పలే బిడ్డా అని. నేను నమ్మలే. మాట అన్న. అప్పటిసంది ఆమె మొఖం చూడలే."

నేను చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. పెద్దమ్మ మీద అనుమానం అలాగే ఉండిపోయేది. నా ఉద్యోగం నాకుండేది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం అవుతుంది. వచ్చింది. కాని అవతల ఒక ముసలామె చేయని తప్పుకు ఒట్లు పెట్టుకుంటూ కూర్చుని ఉంది.

"మీ పెద్దమ్మ చెప్పలేదు స్వరూపా. నేను చెప్పిన. నీ కార్డు వేసి, షాపు నంబర్ తీసి చూపిచ్చింది నేను. నీ వేలికి లాక్ పెట్టింది గూడ నేనే. నీ మొగడు వేరే కథ చెప్పిండు, నమ్మిన. ఇప్పుడు కూడా ఫోన్ చేసొచ్చిన. వస్తాండు. ఇరవై నిమిషాలన్నడు. అప్పుడే అయిదు నిమిషాలు అయినై."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా మొహం వైపు చూస్తూ ఉండిపోయింది, కొత్తగా చూసినట్టు.

"నన్ను ఒక్క మాట అడగకపోతివి అక్కా" అంది. అంతే.

తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది. "లాక్ తియ్యరాదా?"

"ఓటీపీ అతని ఫోనుకే పోతది. ముందు ఫోన్ నంబర్ మార్చాలె. దానికి పాత నంబర్‌తోని పని లేదు, నువ్వుంటె చాలు. పది వేళ్లు, కండ్లు తీసి పైకి పంపిస్త. పాతవాటితోని కలిస్తె మారుతది. కొన్ని రోజులు పడ్తది. తియ్యడానికి పది నిమిషాలు. కాని అతను..."

"పది నిమిషాలే గద. పెట్టు."

కేంద్రంలో మా ఇన్‌చార్జి సత్యం సార్‌కు రెండు ముక్కల్లో చెప్పి, టోకెన్ వరుస ఆపించాను. ఆమె వేళ్లు వానకు నాని ముడతలు పడి ఉన్నాయి, స్కానర్ తీసుకోవడం లేదు. నా చున్నీతో ఒక్కొక్క వేలూ తుడిచాను. ఎడమచేయి వచ్చింది. కుడిచేయి మూడుసార్లు పోయింది. నాలుగోసారి నేను ఆమె చేతి మీద నా చేయి పెట్టి నొక్కాను. అప్పుడు వచ్చింది.

కొత్త నంబర్ చెప్పమంటే నోటితో చెప్పలేదు. నా పెన్ను తీసుకుని కాగితం ముక్క మీద రాసింది. నేను ఎక్కించగానే ఆ ముక్క వెనక్కి తీసుకుని ఫైల్‌లో పెట్టుకుంది. నన్ను నమ్మడానికి ఆమె దగ్గర కారణం ఒక్కటీ లేదు, నేనూ నమ్మమని అడగలేదు.

అక్నాలెడ్జ్‌మెంట్ స్లిప్, అంటే మార్పు కోసం దరఖాస్తు పెట్టినట్టు మేమిచ్చే రసీదు, చేతిలో పెట్టాను. "ఇది ట్రైనింగ్‌వాళ్లకు చూపియ్యి. టైమ్ అడుగు. ఎటు పోతవ్ ఇప్పుడు?"

స్లిప్ మడిచి ఫైల్‌లో పెట్టి, చున్నీ తల మీదికి లాక్కుంది. నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా మెట్ల వెనక తలుపు నుంచి వానలోకి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన మూడు నిమిషాలకు కుమార్ వచ్చాడు. నెత్తి మీద నీళ్లు కారుతున్నాయి, చేతిలో ఒక పొడి చీర ఉన్న సంచి ఉంది. దాన్ని చూస్తే నాకు ఏ తిట్టు విన్నా వేయనంత భయం వేసింది.

"ఏది మేడం?"

"పోయింది."

"ఎటు?"

"తెల్వదు." అది నిజం. ఆమె చెప్పి ఉంటే నా మొహంలో అతను చదువుకునేవాడే.

"మీరు పట్టుకోని ఉంచుత అన్నరు గద."

"అనలేదు. ఆమె తన కార్డు పని మీద వచ్చింది, చేసిన. మీరు ఆమెను దొంగ అన్నరు. ఆమె మీ భార్య."

నవ్వాడు. గొంతు పెంచకుండా, కౌంటర్ మీదికి వంగి అన్నాడు. "నేనేమన్న తప్పు చేసిన్నా మేడం? ఓటీపీ నా ఫోనుకు అచ్చింది, నేను చెప్పిన. కంప్యూటర్ల కొట్టింది మీరు. కాయితాలు ఇచ్చింది మీరు. తాళమేసింది మీరు. నేను పైకి ఒక్క అర్జీ రాస్తె ఎవల నౌకరి పోతది?"

అతను చెప్పిన ప్రతి మాటా నిజమే. అందుకే ఆ అర్జీ అతనికంటే ముందు నేనే రాశాను. ఆ సాయంత్రమే సత్యం సార్ టేబుల్ దగ్గర కూర్చుని, రెండుసార్లు తీసిన కాగితాల సంగతి, లాక్ సంగతి, ఫోన్ సంగతి దాచకుండా రాసిచ్చాను. సార్ చదివి, "ఇంత రాయాల్నా అమ్మా?" అన్నారు. రాయాలన్నాను. మెమో వచ్చింది. కొన్ని రోజులు కౌంటర్ నుంచి తీసేసి టోకెన్ల దగ్గర కూర్చోబెట్టారు.

అలా టోకెన్లు ఇస్తున్న రోజుల్లోనే ఆఫీసు ఫోన్ మోగింది. ఎత్తింది నేనే. ఒక పెద్దామె గొంతు. ఫలానా ఊరు, ఫలానా ట్రైనింగ్ సెంటర్ అని చెప్పింది. "ఒకమ్మాయి మీ స్లిప్ తెచ్చి చూపించింది. ఇది మీరు ఇచ్చిందేనా? నిజంగా నంబర్ మారేదుందా? లేక గడువు కోసం చెబుతోందా?"

"మేం ఇచ్చిందే మేడం. నేనే తీసిన. ఆ అమ్మాయి చెప్పింది నిజం" అన్నాను.

"అయితే సీటు ఆపుతాం లెండి. వేలు పడ్డ రోజు చేర్చుకుంటాం."

ఫోన్ పెట్టేశాక అర్థమైంది, నాకు ఇప్పుడు ఆమె ఎక్కడుందో తెలుసని. ఎవరికీ చెప్పలేదు, సత్యం సార్‌కు కూడా.

మళ్లీ కౌంటర్‌లో కూర్చున్న వారంలోనే కుమార్ వచ్చాడు. నా దగ్గరికి రాలేదు. పక్క కంప్యూటర్ దగ్గర ఎవరినో బతిమాలి భార్య కార్డు నంబర్ కొట్టించాడు. ఫోను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. ఓటీపీ పంపించామని తెర మీద వచ్చింది. అతని ఫోను మోగలేదు. మళ్లీ కొట్టించాడు. మోగలేదు. ఫోను ఆపి, మళ్లీ వేశాడు. వరండాలోకి పోయి సిగ్నల్ కోసం చేయి పైకెత్తి చూశాడు. నేను ఒకామె కంటిపాప తీస్తూ ఇదంతా చూస్తున్నాను. వేళ్లు కలిశాయన్నమాట. వానలో వచ్చి తన పేరు చెప్పినప్పుడు నేను నమ్మని మనిషి, ఆ పేరు మనిషే.

అతను నా దగ్గరికి వచ్చాడు. "నంబర్ మారింది."

"ఆమె కార్డు. ఆమె మార్చుకుంది."

"ఎక్కడున్నదో నీకు తెలుసు." మేడం పోయి నువ్వు వచ్చింది.

"తెల్వదు" అన్నాను. ఈసారి అది అబద్ధం. కంటి మిషన్ ముందు కూర్చున్న మనిషిని చూసినట్టు, రెప్ప వేయకుండా అతన్నే చూస్తూ చెప్పాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. తర్వాత రాలేదు.

ఆ కేసు తర్వాత నేను మారిన మాట నిజం. మర్యాదగా, వినయంగా ఇంకొకరి కార్డు తెచ్చి ఇచ్చేవాళ్లను చూస్తే నాకు మొదట అనుమానమే వస్తుంది. ఆ మనిషి రాకుండా చేయనంటాను, తిట్టించుకుంటాను. ఆడవాళ్లు వచ్చినప్పుడు తెర వాళ్ల వైపు తిప్పి అడుగుతాను. "ఈ ఫోన్ నంబర్ ఎవరిదమ్మా? నీదేనా? నీ దగ్గరే ఉంటదా?" చాలామంది పక్కనున్న మనిషి వైపు చూస్తారు. అప్పుడు ఆ పక్కమనిషిని బయట కూర్చోమంటాను.

ఈ పని చేసేవాళ్లం మేం ఎవరి రహస్యాలనూ దొంగిలించం. అడిగినవాళ్లకు అందిస్తాం, అంతే. ఆ అందించడంలోనే ఎవరి బతుకైనా చేతులు మారవచ్చని తెలుసుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది. స్వరూప ట్రైనింగ్ పూర్తి చేసిందో, పెద్దమ్మ దగ్గరికి పోయి మాట కలుపుకుందో నాకు తెలియదు. కావాలంటే ఒక్క ఫోన్‌తో తెలుసుకోగలను, చేయలేదు. ఆ పెద్దామె చెప్పిన ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు.